ఎండలో ఎడమ చెయ్యి

మా ఆడపడుచు గురించి ఎవరైనా "పాపం" అనే మాటతో మొదలుపెడితే అక్కడే ఆపెయ్యండి. ఆవిడ దగ్గర పాపం అనదగ్గది ఏమీ లేదు. ఉన్నదల్లా పొగరు. నేను ఆ ఇంటి కోడలినై వచ్చిన నాటి నుంచీ ఆ పొగరుకి దీపం పట్టుకుని నిలబడుతున్నదాన్ని, నాకు తెలియదా?

దీపం అని ఊరికే అనలేదు. ఆవిడ ఫోటోగ్రాఫరు. ఫ్లాష్ లైటుని కెమెరా నెత్తిన పెట్టకుండా, పొడుగాటి కర్రకి బిగించి, ఆవిడ చెప్పిన చోట, చెప్పిన ఎత్తులో, చెప్పిన వంపులో పట్టుకుని నిలబడటం నా ఉద్యోగం. "వదినా, పైకి. ఇంకాస్త పైకి. ఆవలించకు, లైటు ఊగుతోంది." రోజంతా మా ఇద్దరి మధ్యా సాగే ముచ్చట్లు ఇవే. మిగతావాళ్ళు ఒక చేత్తో కెమెరా, ఇంకో చేత్తో ఫ్లాష్ పట్టుకుని ఒంటరిగా చక్కబెట్టుకుంటారు. ఆవిడకు కుదరదు. ఎడమ చేతికి బొటనవేలూ చిటికెనవేలూ తప్ప మధ్యలో వేళ్ళు లేవు. అరచేతి మీద లెన్సు ఆనించుకుని కెమెరా బ్రహ్మాండంగా నిలబెడుతుంది గానీ, బరువైన లైటు చాచి పట్టుకోవడానికి పట్టు చాలదు. అందుకని నేను.

స్టూడియో మా మామగారు పెట్టింది. ప్రింట్ల అంచులు కోసే కత్తి ఒకటి, చెక్కబల్లకి బిగించినది, డార్క్ రూము గుమ్మం పక్కనే ఉండేది. పని అయ్యాక దానికి తాళం వేయాలి. ఒకనాడు ఆయన వేయలేదు. లోపల ప్రింట్లు కడుగుతున్నారు, బయట పసిపిల్ల ఆ కత్తితో ఆడుకుంది. ఇంకేం చెప్పను? ఆ తర్వాత బతికినన్నాళ్ళూ మామగారు కూతుర్ని పల్లెత్తు మాట అనలేదు. అడిగింది కాదనలేదు. పని అంతా నేర్పారు. అయితే ఒక్కటి మాత్రం చేశారు. ఆ చేతిని దాచారు.

ఏ ఫోటో తీసినా అది పూలకుండీ వెనకో, తెరిచిన పుస్తకం కిందో, శాలువా మడతలోనో, అన్న భుజం వెనకో ఉండాల్సిందే. మా పెళ్ళి ఫోటోలో నా వీపు వెనక ఉంది. అప్పుడు నాకా సంగతి తెలియదు. ఆడపడుచు ఎంత ఆప్యాయంగా ఒరిగి నిలబడిందో అని తెగ మురిసిపోయాను. తర్వాత ఆవిడే నవ్వుతూ గాలి తీసేసింది.

"ఆప్యాయతా పాడా వదినా! నాన్న అక్కడ పెట్టమన్నాడు, పెట్టాను."

ఇల్లంతా వెతికినా ఆ చెయ్యి కనిపించే ఫోటో ఒక్కటంటే ఒక్కటి లేదు. చూడబోతే ఊళ్ళో అందరి ఫోటోలూ తీసే ఇల్లు! నాకైతే ఆ ఆల్బములు తిరగేస్తే ఇప్పటికీ కడుపు రగిలిపోతుంది.

మామగారు పోయాక స్టూడియో అన్నాచెల్లెళ్ళిద్దరిదీ అయింది. మా ఆయన లోపలి గది తీసుకున్నారు: తెరలు, స్టూలు, పాస్‌పోర్టు ఫోటోలు, చల్లటి ఫ్యాను గాలి. ఆవిడ మాత్రం తనకి బయట చాలంది. బయట అంటే షాపు ముందున్న రేకుల చూరు కింద, రోడ్డుకి మొహం పెట్టి. అదీ మిట్టమధ్యాహ్నం.

"మధ్యాహ్నప్పూట మనిషి మొహం ఎవరైనా తీస్తారా? కళ్ళు గుంటలు పడతాయి. ముక్కు కింద మసి పూసినట్టు నీడ. పొద్దునో సాయంత్రమో తియ్యి" అని మా ఆయన మొత్తుకున్నారు.

"పొద్దునా సాయంత్రం ఎవరైనా తీస్తారన్నయ్యా. నేను మధ్యాహ్నం తీస్తా. నీ గదిలో నా చిన్నతనమంతా నక్కి కూర్చున్నా. ఇక చాలు."

ఎండలో ఫ్లాష్ ఏమిటి, పగలు లాంతరు వెలిగించుకున్నట్టు, అని నేనూ మొదట్లో వెటకారం చేశాను. ఆవిడ నన్ను చూరు నీడలో కూర్చోబెట్టి తీసి చూపించింది. వెనక రోడ్డు ధగధగలాడిపోతోంది, నేను బొగ్గు. నాకు తగ్గట్టు కెమెరా సర్ది మళ్ళీ తీసింది. నేను బాగానే ఉన్నాను, రోడ్డూ ఆకాశమూ సున్నం కొట్టినట్టు తెల్లగా పోయాయి. "రెండూ కావాలంటే కెమెరాని ఎండకి సర్దాలి, ఫ్లాషుని నీకు సర్దాలి" అంది. అంతవరకు బుర్రకెక్కింది.

అసలు తిరకాసు షట్టరు దగ్గర ఉంది. వెనకున్న బోర్డులూ సైకిళ్ళూ మసకబారి మనిషి ఒక్కడే నిలవాలంటే లెన్సుని బార్లా తెరవాలట. బార్లా తెరిస్తే ఎండ విరగబడి లోపలికి వస్తుందట. దాన్ని ఆపాలంటే షట్టరు వేగం బాగా పెంచాలి. షట్టరంటే రెండు తెరలు. ఒకటి తెరుచుకుంటూ పోతే రెండోది దాని వెంటే మూసుకుంటూ వస్తుంది. వేగం పెరిగే కొద్దీ రెండో తెర తొందరపడి, మొదటిది పూర్తిగా తెరుచుకోకముందే బయల్దేరుతుంది. అప్పుడు కెమెరా కళ్ళెదుట ఉండేది ఒక సందు మాత్రమే, అది జారుతూ పోతుంది. మామూలు ఫ్లాష్ ఒక్కసారి ఫెళ్ళున వెలిగి ఊరుకుంటుంది కాబట్టి, ఆ క్షణంలో తెర అడ్డమున్న మేరకి వెలుగు అందదు. ఫోటో కింది భాగంలో అడ్డంగా నల్లపట్టీ పడుతుంది. కొత్తరకం ఫ్లాష్ అయితే ఆ సందు జారినంతసేపూ చిన్నచిన్న మెరుపులు ఎడతెగకుండా కురిపిస్తుంది. మన కంటికి అదంతా ఒక్క మెరుపే. దాన్నే హై స్పీడ్ సింక్ అంటారు. అలా పంచి పెట్టడంలో లైటు బలం బాగా తగ్గిపోతుంది గనక, ఫోటోలో పడకుండా మనిషికి ఎంత దగ్గరగా వీలైతే అంత దగ్గరగా పట్టుకోవాలి. భుజాలు పీకేస్తాయి. పీకేది నా భుజాలే కాబట్టి ఈ ముక్క నేను మరిచిపోవడమంటూ జరగదు.

అలా తీసిన ఫోటోల్లో నడిమధ్యాహ్నం ఆకాశం చిక్కటి నీలంగా, రోడ్డు మెత్తగా, మనిషి మాత్రం ఇప్పుడే లేచి మాట్లాడేట్టు ఉండేవాడు. జనం రావడం మొదలుపెట్టారు. ఆవిడకి ఎండ ఫోటోల అక్క అని పేరు పడింది. పిల్లలు ఊరుకుంటారా, "అక్కా, నీ వేళ్ళేవీ?" అని మొహం మీదే అడిగేవారు. "సెలవు పెట్టి వెళ్ళాయిరా, ఇంకా రాలేదు. నువ్వు కదలకుండా కూర్చుంటే వచ్చాక చెబుతా" అనేది. పిల్లలు నోళ్ళు తెరుచుకుని బొమ్మల్లా కూర్చునేవారు. ఆ దెబ్బకి ఫోటో అయిపోయేది.

పెద్దవాళ్ళతోనే తంటా. వెల్డింగు పనిచేసే ఒకాయన చెంప మీద కాలిన మచ్చతో వచ్చి, కూర్చున్న దగ్గర్నుంచీ మంచి చెంపే ఇటు తిప్పుతున్నాడు. ఈవిడ "వదినా, లైటు అటువైపు నుంచి" అంది. ఆయన గయ్యిమన్నాడు. ఈవిడ అంతకు రెట్టింపు గయ్యిమంది. "నీ మొహం నీకే ఇష్టం లేకపోతే ఎవరి మొహం తీయమంటావయ్యా నన్ను?" అని. ఆయన విసవిసా వెళ్ళిపోయాడు. మర్నాడు భార్యని వెంటబెట్టుకొచ్చి, కాలిన చెంప వెలుగులో పెట్టుకుని దర్జాగా కూర్చున్నాడు. ఆమె పోరు పెట్టి తీసుకొచ్చిందట.

ఇలా ఊరందరితో తగవు పడుతూ, తన ఫోటో మాత్రం ఎన్నడూ తీయించుకోలేదు. ఎందుకో నేను అడగలేదు. ఆవిడా చెప్పలేదు.

ఇంతలో ఫోటోగ్రాఫర్ల సంఘం వాళ్ళు కొత్త హాలు కట్టారు. అందులో ఒక గోడ పాతకాపులకి. ఆ సంఘంలో ఒక ఆనవాయితీ ఉంది. గోడకెక్కే ప్రతి మనిషీ తన మొదటి కెమెరాని రెండు చేతులా పట్టుకుని ఫోటో దిగాలి. అదీ వాళ్ళ గౌరవం, అదీ వాళ్ళ గొప్ప. ఆ పిలుపు మా ఇంటికీ వచ్చింది. ప్రెసిడెంటే స్వయంగా వచ్చాడు. మంచినీళ్ళు తాగి, మా అందరి క్షేమ సమాచారాలూ అడిగి, చివరికి మెల్లగా అసలు సంగతి కక్కాడు.

"అమ్మా, మీ ఫోటో భుజాల దాకా పంపండి చాలు. హుందాగా ఉంటుంది."

"మిగతావాళ్ళంతా?" అంది మా ఆడపడుచు.

"వాళ్ళు మామూలే... కెమెరాతో..."

"మరి నాకెందుకు భుజాల దాకా?"

ఆయన నీళ్ళు నమిలాడు. "మీ మంచికేనమ్మా. హాలుకి రకరకాల వాళ్ళొస్తారు. చూసినవాళ్ళు ఊరుకోరు కదా. మీరు బాధపడటం మాకిష్టం లేదు."

"నేను బాధపడితే మీకు కబురు పంపుతాలెండి" అంది ఆవిడ. "నేనూ కెమెరా పట్టుకునే దిగుతా. రెండు చేతులా. ఆ గోడ మీద నా చెయ్యి ఉండదంటే నేనూ ఉండను. పనికొస్తే చెప్పండి, లేకపోతే వెళ్ళి రండి."

ఆయన "అలాగే, అలాగే" అంటూ చెప్పులేసుకున్నాడు. ఆ అలాగేలో ఎంత నిజం ఉందో నాకు అప్పుడే అనుమానం.

తనని తాను తీసుకోలేదు గదా, ఎవరు తీయాలి? "నేను తీస్తానమ్మడూ" అన్నారు మా ఆయన. ఆవిడ కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. అన్నంటే ఆవిడకి ప్రాణం. మా ఆయనకీ అంతే. చెల్లెల్ని ఎవరైనా తేరిపార చూస్తే చాలు, నలుగురినీ తన్నేసి వచ్చేవారట చిన్నప్పుడు.

ఆ రోజు అంతా ఆవిడే సర్దుకుంది. చూరు కింద స్టూలు వేసుకుంది. వెనక షాపు బోర్డూ, రోడ్డూ రెండూ రావాలని ఫోటో అడ్డంగా తీయమంది. తన మొదటి కెమెరా ఒళ్ళో పెట్టుకుని, కుడిచెయ్యి వెనకా ఎడమచెయ్యి ముందూ ఉండేట్టు పట్టుకుంది. షట్టరు వేగం, ఫ్లాష్ బలం అన్నీ చూసుకుని కెమెరాని అన్న చేతికిచ్చింది. నేను లైటు పట్టుకున్నాను. ఫోటో తీసుకుపోవడానికి ప్రెసిడెంటు కూడా వచ్చి ఒక పక్కన నిలబడ్డాడు.

"ఒక్క నిమిషం" అని మా ఆయన కెమెరాతో లోపలికి వెళ్ళొచ్చారు. కెమెరాకీ, దూరంగా ఉండే ఫ్లాషుకీ మధ్య తీగ ఉండదు. ట్రిగ్గరనే చిన్న డబ్బా కెమెరా నెత్తిన కూర్చుని ఫ్లాషుకి సంకేతం పంపుతుంది. ఆయన దాన్ని మార్చుకొచ్చారు. దాని జంట ముక్క ఒకటి తెచ్చి, నా చేతిలో ఉన్న ఫ్లాష్ అడుగున తగిలించారు. వెలుగు మెత్తబడటానికి లైటుకి కట్టిన తెల్లగుడ్డ అడ్డం ఉండి అది ఆవిడకి కనబడదు. "కొత్తదానికి బ్యాటరీ అయిపోయింది" అని నాతో గొణిగారు. నేనేం ఎరుగుదును, సరేనన్నాను.

ఫ్లాష్ వెలిగింది. ఆయన కెమెరా వెనక తెర మీద చూసుకుని ఊపిరి వదిలారు. ప్రెసిడెంటు తొంగి చూసి చప్పట్లు కొట్టాడు.

"అబ్బ, ఎంత హుందాగా ఉందమ్మా! దేవుడే సర్దినట్టు కుదిరింది. ఇదే ఖాయం చేసేద్దాం."

నేనూ చూశాను. మొహం వెలుగుతో నిండి ఉంది. వెనక రోడ్డూ ఆకాశమూ చక్కగా ఉన్నాయి. నడుము నుంచి కిందికి మాత్రం చీకటి. ఒళ్ళో ఉన్న కెమెరా పైభాగం ఒక్కటే మెరుస్తోంది. ఎడమచెయ్యి లేనే లేదు. తెలియనివాళ్ళెవరైనా చూరు నీడ పడిందనుకుంటారు.

మా ఆడపడుచు కెమెరా అందుకుని చాలాసేపు చూసింది.

"నీడకి అంచు ఇంత తిన్నగా గీత గీసినట్టుండదు అన్నయ్యా" అంది. "ఇది పాత ట్రిగ్గరు. దీనికి హై స్పీడ్ సింక్ రాదు. కొత్తదేదీ?"

"బ్యాటరీ..."

ఆవిడ చెయ్యి చాచింది. మా ఆయన తేలు కుట్టిన దొంగలా నిలబడ్డారు. చివరికి జేబులోంచి తీసి ఇచ్చారు. నొక్కగానే పచ్చ దీపం వెలిగింది. బ్యాటరీ నిండా ఉంది.

నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. "మీకేం పొయ్యేకాలం వచ్చిందండీ? నా చేత లైటు పట్టించి మరీ చేస్తారా ఈ పని? ఆవిడ మిమ్మల్ని నమ్మి కూర్చుంటే!" అని రోడ్డు మీదే ఎత్తుకున్నాను. పక్క షాపువాళ్ళు తలలు బయటపెట్టారు. పెట్టనీ.

"నువ్వుండవే" అన్నారు ఆయన. "ఆ హాల్లో ఎవడో ఒకడు దాని చెయ్యి చూసి నవ్వుతాడు. నేను చూస్తూ ఎలా ఊరుకోను? ఆ గోడని చూసినప్పుడల్లా చచ్చిపోతా. నాన్న కూడా ఇందుకే కదా..."

"నాన్న నా కోసం దాచలేదన్నయ్యా" అంది ఆవిడ. అరవలేదు. "తన కోసం దాచుకున్నాడు. ఈ చెయ్యి కనబడితే తాళం వేయని రోజు గుర్తొచ్చేది ఆయనకి. నాకు ఊహ తెలిసినప్పుడే తెలుసు. పోనీలే, నాన్న కదా అని, ఆయన ఏడవకూడదని, ఎక్కడ పెట్టమంటే అక్కడ పెట్టా. ఆయన పోయాడు. ఇప్పుడు నీ కోసం దాక్కోమంటున్నావు. ఆ తర్వాత ఈ పెద్దమనిషి కోసం. నేను మీ అందరి కోసం ఎన్నాళ్ళు దాక్కోవాలి?"

మా ఆయన అక్కడే మెట్టు మీద కూలబడి చేతుల్లో మొహం పెట్టుకుని ఏడ్చారు. నాకు జాలి వేసింది. కోపం మాత్రం తగ్గలేదు.

ప్రెసిడెంటు గొంతు సవరించుకున్నాడు. "ఎందుకమ్మా ఇంత రాద్ధాంతం? ఫోటో బాగానే వచ్చింది కదా." ఫోటోగ్రాఫర్ల సంఘానికి ప్రెసిడెంటు! ఆ గీత ఏమిటో ఆయనకి తెలియదంటే నేను నమ్మను. "మీరు కాస్త అవతలికి జరగండి సారూ, లైటుకి అడ్డం" అన్నాను. ఆయన చూరు దాటి ఎండలోకి జరిగాడు. అక్కడే మాడాడు పాపం.

ఆవిడ ఆ ఫోటోని తుడిపేసింది. కొత్త ట్రిగ్గరు తగిలించింది. కెమెరా తెచ్చి నా మెడలో వేసింది.

"నేనా? నాకేం వచ్చు?" అన్నాను.

"అన్నీ సర్దే ఉన్నాయి. నా మొహంలోకి చూసి నొక్కు. నువ్వు నన్ను మోసం చెయ్యలేవు వదినా, నీకు అంత తెలివి లేదు."

ఆ టైములోనూ వెక్కిరింపే! తర్వాత అన్న దగ్గరికెళ్ళి రెక్క పట్టుకుని లేపింది. "లే. లైటు నువ్వు పట్టుకో."

ఆయన కర్ర అందుకున్నారు. అలవాటు కొద్దీ ఆవిడ మొహం వైపు ఎత్తారు.

"మొహం మీద కాదన్నయ్యా. కిందికి. ఇంకా కిందికి. చేతి మీద."

ఆయన చేతులు వణుకుతున్నాయి, లైటూ వణుకుతోంది. "దగ్గరికి రా. దూరం నుంచైతే దీని బలం చాలదు." ఆయన ఒక అడుగు వేశారు. ఇంకో అడుగు వేశారు. కాపురానికి వచ్చాక చెల్లెలి చేతి వైపు అంతసేపు ఆయన చూడటం నేనెప్పుడూ చూడలేదు. వణుకు తగ్గిన క్షణాన ఆవిడ గడ్డం ఎత్తింది. నేను నొక్కాను.

ఆ ఫోటోలో దాపరికం లేదు. వేళ్ళు పోయిన చోట చర్మం నున్నగా ముడుచుకుని ఉంటుంది, కెమెరాని బొటనవేలు ఒక పక్కనుంచీ చిటికెనవేలు ఇంకో పక్కనుంచీ గట్టిగా పట్టుకుని ఉంటాయి. గొప్ప చెప్పుకోవడం కాదు గానీ, ఫోకస్ కూడా భేషుగ్గా కుదిరింది. ప్రెసిడెంటు చేతికి అదే ఇచ్చి పంపింది.

హాలు తెరిచిన రోజు ముగ్గురం వెళ్ళాం. గోడ నిండా ఫ్రేములు, అందరూ రెండు చేతులా కెమెరాలు పట్టుకుని. మా ఆడపడుచు ఫోటో లేదు. వెతగ్గా వెతగ్గా ఆఫీసు గదిలో, కుర్చీల దొంతర వెనక, గోడకి మొహం తిప్పి ఆనించి ఉంది.

"స్థలం సరిపోలేదమ్మా" అన్నాడు ప్రెసిడెంటు. "ఇక్కడైతే మేం రోజూ చూసుకుంటాం."

మా ఆయన ముందుకి దూకబోయారు. ఆవిడ ఆపింది. ఫ్రేమును చంకన పెట్టుకుని తిన్నగా హాల్లోకి నడిచింది. వచ్చిన జనమంతా అటే చూస్తున్నారు. గుమ్మానికి ఎదురుగా, ఎవరు అడుగుపెట్టినా మొట్టమొదట కళ్ళబడే చోట, గోడ ఖాళీగా ఉంది. ఫోటోలు బిగించినవాళ్ళు వదిలేసిన సుత్తీ మేకులూ కిటికీ మీదే ఉన్నాయి. ఒక మేకు తీసుకుంది. బొటనవేలికీ చిటికెనవేలికీ మధ్య ఇరికించి గోడకి ఆనించింది. కుడిచేత్తో సుత్తి ఎత్తింది.

"అయ్యయ్యో, చేతికి తగులుతుందమ్మా! ఉండండి, ఎవరినైనా పిలుస్తా" అని ప్రెసిడెంటు పరుగెత్తుకొచ్చాడు.

"తగిలితే తగలనివ్వండి. నా చెయ్యే కదా."

కొట్టింది. హాలంతా ఖంగుమంది. మళ్ళీ కొట్టింది. మేకు దిగింది. మా ఆయన ఫ్రేము ఎత్తి అందించారు, ఆవిడ తగిలించింది. వెనక్కి వచ్చి ప్రెసిడెంటు పక్కన నిలబడింది.

"వంకరగా ఉందా?"

"లేదమ్మా" అన్నాడాయన, నేల చూస్తూ.

"నేల మీద కాదు, గోడ మీద ఉంది ఫోటో" అంది మా ఆడపడుచు. "చూసి చెప్పండి."

ఆయన తలెత్తి చూశాడు.